చేరటం ఒక ఎత్తు, గట్టెక్కటం ఒక ఎత్తు



ప్రతి సంవత్సరం జనవరి నెలలో మాట్రిక్ ఫలితాలు వస్తాయి. ఆ తరువాత ఒక ఆదివారం నాడు మా ఊరి తెలుగు సంఘం హాలులో చిన్న ఉత్సవం జరుగుతుంది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదికి పిలుస్తారు. పూలదండ వేసి, చేతిలో ఒక కవరు పెట్టి, ఫోటో తీస్తారు. అందరం పులిహోర, పాయసం తిని ఇళ్ళకు వెళతాము. నేను ముప్ఫై సంవత్సరాలుగా డర్బన్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఆ వేదిక మీద నిలబడిన వారిలో నా శిష్యులు చాలామంది ఉన్నారు. చప్పట్లు కొట్టిన వారిలో నేనూ ఉన్నాను.

ఆ చప్పట్ల తరువాత ఏమి జరుగుతుందో చెప్పటం కొరకు ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను తెలుగు నేర్చుకున్నది బడిలో కాదు, శనివారం సాయంత్రాలు గుడి వెనుక గదిలో జరిగే తరగతులలో. నా వ్రాతలో తప్పులు ఉంటే పెద్దలు మన్నించగలరు.

2022లో నా శిష్యుడు ఒకడు సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీలో చేరాడు. లెక్కలలో ఎనభైకి పైన మార్కులు వచ్చిన పిల్లవాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఒక ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు, ఒక అవ్వ. ఆ సంవత్సరం అతనికి దండ వేసినప్పుడు అవ్వ ముందు వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నది. 2023 జూలైలో అతను చదువు మానేశాడు. నాకు ఆ సంగతి 2024 ఉగాది వరకు తెలియదు. గుడిలో పచ్చడి పంచుతుండగా అవ్వ నా చేయి పట్టుకుని అడిగింది: “అమ్మాయీ, మా వాడు చదువులో తప్పాడా, డబ్బులో తప్పాడా? వాడు నాకు చెప్పడు. నువ్వన్నా చెప్పు.”

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆ అబ్బాయితో మాట్లాడాను. ఇంజనీరింగ్ చదివి పాసైన శిష్యులతో, మధ్యలో ఆగిపోయిన వారితో, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే స్నేహితులతో మాట్లాడాను. నిబంధనలు చదివాను. తెలుసుకున్న దానిని మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాము. 1860 నుండి 1911 వరకు నటాల్‌కు 1,52,184 మంది గిర్మిట్ కూలీలుగా వచ్చారు. వారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. చెరకు తోటలలో పని చేసిన ఆ తరం వారికి చదువు లేదు, పిల్లలకు చదువు చెప్పించటానికి బడులూ తక్కువే. అయినా వారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డర్బన్‌లో మనవారి సాంకేతిక విద్య రాత్రి తరగతులుగా మొదలైంది. కేరళ ప్రాంతం నుండి గిర్మిట్ మీద కూలీగా వచ్చి, తరువాత వ్యవసాయంలో, వ్యాపారంలో పైకి వచ్చిన ఎం. ఎల్. సుల్తాన్ గారు ఇచ్చిన విరాళంతో ఒక టెక్నికల్ కాలేజీ నిలబడి, ఆయన పేరు పెట్టుకున్నది. ఆ సంస్థే పెరిగి టెక్నికాన్ అయి, 2002లో నటాల్ టెక్నికాన్‌తో కలిసి, ఈనాటి డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అయింది. కూలీగా వచ్చినవాడు కాలేజీకి పునాది వేసిన దేశం మనది.

ఆ కాలంలో కష్టమంతా లోపలికి వెళ్ళటంలో ఉండేది. తలుపు మూసి ఉండేది. ఇప్పుడు తలుపు తెరిచి ఉన్నది. ఇప్పటి కష్టం లోపల నిలబడటంలో ఉన్నది. మన దృష్టి మాత్రం ఇంకా తలుపు దగ్గరే ఆగి ఉన్నదని నాకు అనిపిస్తున్నది.

ఇది మన ఒక్క సమాజం సంగతి కాదు. ఈ దేశపు ఉన్నత విద్యా మండలి 2013లో ఒక పెద్ద నివేదిక ప్రచురించింది. దూరవిద్యను పక్కన పెట్టి, తరగతికి వెళ్ళి చదివే విద్యార్థులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, నలుగురిలో సుమారు ఒక్కరే నిర్ణీత కాలంలో డిగ్రీ పూర్తి చేస్తున్నారని ఆ నివేదిక చెప్పింది. ఐదు సంవత్సరాల గడువు ఇచ్చి చూసినా, పూర్తి చేసినవారు 48 శాతమే. ఇంత పెద్ద లెక్కను చూసి, వీరంతా సోమరులు, తెలివి తక్కువవారు అని ఎవరైనా అంటే, ఆ మాట లెక్కల టీచరుగా నేను ఒప్పుకోను. ఇంతమంది ఒకే చోట కాలు జారుతున్నారంటే అక్కడ నేల చూడాలి.

మొదటి కారణం డబ్బు. అయితే మనం సాధారణంగా అనుకునే డబ్బు వేరు, పిల్లలను పడగొట్టే డబ్బు వేరు.

2017 డిసెంబరు 16న అప్పటి అధ్యక్షుడు ఒక ప్రకటన చేశారు. దాని ప్రకారం 2018 నుండి, కుటుంబ వార్షిక ఆదాయం 3,50,000 రాండ్ల లోపు ఉన్న విద్యార్థులకు ఎన్‌ఎస్‌ఫాస్ అనే జాతీయ విద్యార్థి సహాయ పథకం ద్వారా ఇచ్చేది అప్పుగా కాక బర్సరీగా మారింది. ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే గీత గీసిన చోట, గీతకు కొంచెం అవతల నిలబడే వారు ఎప్పుడూ ఉంటారు. నా శిష్యుని తల్లిదండ్రుల ఇద్దరి జీతాలు కలిపితే ఆ గీతను కొద్దిగా దాటాయి. ఆరుగురు తినే ఇల్లు. సహాయం పొందటానికి ధనవంతులు, ఫీజు కట్టటానికి పేదవారు. ఇటువంటి కుటుంబాలను ఇక్కడ ‘మిస్సింగ్ మిడిల్’ అంటారు, అంటే లెక్కలో తప్పిపోయిన నడిమివారు. మన సమాజంలో ఇటువంటి ఇళ్ళు ఎన్నో. 2024 జనవరిలో ప్రభుత్వం 3,50,000 నుండి 6,00,000 రాండ్ల ఆదాయం ఉన్నవారి కొరకు ఒక రుణ పథకం ప్రకటించింది. సైన్సు, ఇంజనీరింగ్ వంటి చదువులకు అందులో పెద్ద వాటా అని చెప్పింది. మా వాడు అప్పటికే ఆరు నెలల క్రితం మానేశాడు.

ఇక బర్సరీ వచ్చినవారి సంగతి. ఫీజు కట్టినంత మాత్రాన చదువు నడవదు. ఇంజనీరింగ్ విద్యార్థికి సైంటిఫిక్ కాలిక్యులేటరు కావాలి, డ్రాయింగు సామాను కావాలి, వర్క్‌షాపుకు ఉక్కు ముక్కు ఉన్న బూట్లు కావాలి, లాప్‌టాప్ కావాలి, దానికి డేటా కావాలి. చాట్స్‌వర్త్ నుండో, ఫీనిక్స్ నుండో రోజూ వచ్చేవాడికి రాను పోను టాక్సీ ఖర్చు. పొద్దున ఏడు గంటలకు బయలుదేరి సాయంత్రం ప్రాక్టికల్ ముగించుకునే పిల్లవాడికి మధ్యాహ్నం తిండి. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. కాని ఏప్రిల్ నెలలో రావలసిన భత్యం మే నెలాఖరుకు వస్తే, మధ్యలో ఆ పిల్లవాడు క్లాసులు మానుకుంటాడు. జూన్‌లో పరీక్షలు. భత్యం వచ్చేటప్పటికి పరీక్ష పోయి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన పూర్తి సొమ్ము కంటే సమయానికి వచ్చిన సగం సొమ్ము మేలు అని ఒక శిష్యురాలు నాతో అన్నది. ఆమె ఇప్పుడు ఎలక్ట్రికల్ ఇంజనీరు.

అన్నిటికంటే ప్రమాదమైనది ఫీజు బాకీ. సంవత్సరం చివర కొంత సొమ్ము మిగిలిపోతుంది. మరుసటి ఫిబ్రవరిలో అది కట్టనిదే పేరు నమోదు కాదు. మా వాడికి పద్దెనిమిది వేల రాండ్ల బాకీ నిలిచింది. తండ్రి ఎక్కడెక్కడో అప్పు చేసి కొంత తెచ్చేటప్పటికి మూడు వారాలు గడిచాయి. మొదటి పరీక్ష దాటిపోయింది. ఆ అప్పు తీర్చటానికి పిల్లవాడు శుక్రవారం రాత్రి నుండి ఆదివారం రాత్రి వరకు ఒక దుకాణంలో పనికి కుదిరాడు.

అమెరికాలో అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉన్నది. వారు 2011లో ఒక పని మొదలుపెట్టారు. చదువు బాగానే సాగుతూ, కొద్దిపాటి బాకీ వలన పేరు కొట్టివేయబడబోతున్న విద్యార్థులను తామే వెతికి, వారు దరఖాస్తు పెట్టకముందే ఆ బాకీని తీర్చారు. కొందరికి కావలసింది కొన్ని వందల డాలర్లే. ఆ సహాయం పొందినవారిలో చాలామంది పట్టా తీసుకుని బయటికి వెళ్ళారు. మూడు నాలుగు సంవత్సరాల చదువు చివరి చిన్న మొత్తం దగ్గర ఆగిపోకుండా చూడటం అన్నిటికంటే చవకైన సహాయం అని వారి అనుభవం చెబుతున్నది. ఇది పెద్ద యూనివర్సిటీలు మాత్రమే చేయగల పని కాదు. పెళ్ళి చందాలు వసూలు చేయగల సంఘం ఏదైనా చేయగలదు.

రెండవ కారణం మొదటి సంవత్సరం చదువు. ఇక్కడ నా తప్పు కూడా ఉన్నది కనుక నిజం చెప్పాలి.

మాట్రిక్‌లో పిల్లలకు మేము డిఫరెన్షియేషన్ చెబుతాము. ఇంటిగ్రేషన్ మామూలు సిలబస్‌లో లేదు. కాంప్లెక్స్ సంఖ్యలు లేవు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఇవన్నీ కొద్ది వారాలలో దాటిపోతాయి. దానికంటే పెద్ద తేడా మరొకటి ఉన్నది. మేము గత పదేళ్ళ ప్రశ్నపత్రాలు చేయించి పిల్లలను పరీక్షకు సిద్ధం చేస్తాము. ప్రశ్న చూడగానే ఏ పద్ధతో తెలిసిపోయేటట్లు తయారు చేస్తాము. అప్లైడ్ మెకానిక్స్‌లో అలా కుదరదు. రెండు గోడల మీద ఆనించిన ఒక దూలం బొమ్మ ఇచ్చి, దాని మీద బరువులు చూపి, ఏ గోడ ఎంత మోస్తున్నది అని అడుగుతారు. దూలాన్ని విడిగా గీసుకుని, దాని మీద పనిచేసే ప్రతి బలాన్ని తానే ఊహించుకుని బాణాలు వేయాలి. సూత్రం ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. అరగంట సేపు దారి తెలియక కూర్చోవటం ఆ చదువులో భాగం. ఎనభై మార్కుల పిల్లవాడు అలా కూర్చోవటం తన జీవితంలో మొదటిసారి. నాకు తెలివి లేదు అని అతను అనుకుంటాడు. ఎవరికీ చెప్పడు. ఊరంతా చప్పట్లు కొట్టి పంపినవాడు ఎలా చెబుతాడు?

ఇక్కడ ఒక ముడి ఉన్నది. ఇంజనీరింగ్ సబ్జెక్టులు గొలుసుకట్టు. మొదటి సంవత్సరం గణితం పోతే రెండవ సంవత్సరం గణితం తీసుకోకూడదు. అది లేకపోతే దాని మీద ఆధారపడిన ఇతర సబ్జెక్టులూ రావు. చాలా సబ్జెక్టులు సంవత్సరానికి ఒక్కసారే చెబుతారు. కనుక ఒక్క సబ్జెక్టు పోతే ఒక్కొక్కసారి పూర్తి సంవత్సరం పోతుంది. బర్సరీకి మాత్రం గడువు ఉన్నది. 2018 నుండి చేరినవారికి ఎన్‌ఎస్‌ఫాస్ నిర్ణీత కాలానికి ఒక సంవత్సరం మాత్రమే అదనంగా ఇస్తుంది. నాలుగు సంవత్సరాల ఇంజనీరింగ్ డిగ్రీకి ఐదు. మొదటి సంవత్సరంలో ఒకసారి, మూడవ సంవత్సరంలో ఒకసారి తడబడినవాడికి ఆరవ సంవత్సరం కావాలి. దానికి డబ్బు లేదు. చదువులో తప్పటం డబ్బులో తప్పటంగా మారుతుంది. డబ్బు కొరకు రాత్రి పని చేస్తే మళ్ళీ చదువు తప్పుతుంది. అవ్వ అడిగిన ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోవటానికి కారణం ఇదే. ఆ రెండూ ఒకే తాడుకు రెండు పురులు.

ఈ ముడి విప్పటానికి రెండు మంచి మార్గాలు చాలాకాలంగా తెలిసినవే.

ఒకటి, పిల్లలు కలిసి చదవటం. 1970ల చివరలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితజ్ఞుడు ఒక ప్రశ్న వేసుకున్నారు. తమ బడులలో మంచి మార్కులతో వచ్చిన నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? అదే సమయంలో చైనా సంతతి విద్యార్థులు ఎందుకు నెగ్గుతున్నారు? ఆయన ఇరవై మంది వీరిని, ఇరవై మంది వారిని దగ్గరగా చూశారు. పట్టుదల లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అన్న మాటలు నిలవలేదు. తేడా వేరే చోట కనిపించింది. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగా, కాని ఒంటరిగా చదువుకుంటున్నారు. చైనా సంతతి విద్యార్థులు విడిగా చదివి, సాయంత్రం కలిసి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే, అది లెక్క కష్టమని వారికి తెలుస్తుంది. ఒంటరివాడికి మాత్రం తానే చేతకానివాడని అనిపిస్తుంది. ట్రైస్‌మన్ గారు వెనుకబడినవారి తరగతి అని పేరు పెట్టకుండా, మామూలు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, గుంపులుగా కూర్చోబెట్టారు. ఫలితాలు ఎంతో మారాయి. ఆ పద్ధతి తరువాత అనేక కాలేజీలకు ప్రాకింది.

రెండవది, మొదటి మెట్టును వెడల్పు చేయటం. కేప్‌టౌన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ విద్యార్థుల కొరకు ‘ఆస్పెక్ట్’ అనే కార్యక్రమం ఉన్నది. మన క్వాజులు-నటాల్ యూనివర్సిటీలో ‘యునైట్’ అనే పేరుతో అటువంటిది ఏర్పడింది. డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో కూడా పొడిగించిన పాఠ్యక్రమాలు ఉన్నాయి. మొదటి చదువును ఎక్కువ కాలం మీద పరచి, చిన్న తరగతులలో, ఎక్కువ గంటలు చెబుతారు. చివర వచ్చే డిగ్రీ అందరిదీ ఒకటే. పైగా ఇటువంటి కార్యక్రమంలో ముందే చేరినవాడికి బర్సరీ గడువును ఆ పొడవైన చదువు కాలాన్ని బట్టి లెక్కిస్తారు. అయినా మన తల్లిదండ్రులు దానిని అవమానంగా భావిస్తారు. ‘మా వాడిని నెమ్మది తరగతిలో వేశారా?’ అని నన్నే అడిగినవారు ఉన్నారు. నాలుగేళ్ళ చదువులో చేరి మూడవ ఏట ఇంటికి రావటం కంటే, ఐదేళ్ళ చదువులో చేరి ఐదవ ఏట పట్టాతో రావటం త్వరగా చేరినట్టే.

మన పెద్దలు ఓడ ఎక్కి వచ్చిన ఆంధ్ర దేశంలో కూడా ఇదే ఆలోచన కనిపిస్తుంది. అక్కడ 2008లో పల్లెటూరి ప్రభుత్వ బడుల పిల్లల కొరకు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం స్థాపించారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో దాని మొదటి ప్రాంగణాలు. ఇప్పుడు బాసర తెలంగాణలో, మిగిలిన రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పదవ తరగతి కాగానే పిల్లలను చేర్చుకుని, హాస్టలులో ఉంచి, ముందు రెండు సంవత్సరాలు పునాది చదువు, తరువాత నాలుగు సంవత్సరాలు ఇంజనీరింగ్, మొత్తం ఆరు సంవత్సరాలు. పల్లె బడికీ ఇంజనీరింగ్ తరగతికీ మధ్య ఉన్న గుంటను పిల్లవాడు ఒక్క గెంతులో దాటాలని వారు అనుకోలేదు. గుంట మీద వంతెన వేశారు.

మూడవ కారణం చాలామందికి తెలియదు. డిప్లొమా చదివే అనేకులకు తరగతి చదువుతో పాటు కొన్ని నెలలు ఏదైనా సంస్థలో పని శిక్షణ తప్పనిసరి. పరీక్షలన్నీ పాసై, శిక్షణ దొరకక, డిప్లొమా చేతికి రాక ఇంట్లో కూర్చున్నవారు ఉన్నారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి మెకానికల్ డిప్లొమాలో ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. పదకొండు నెలలు ఉత్తరాలు వ్రాసింది. నలభైకి పైగా కంపెనీలు. జవాబు ఇచ్చినవి మూడు. చివరకు మన భజన మండలిలో మృదంగం వాయించే ఒక పెద్దమనిషి, తన బావమరిది పంపుల మరమ్మతు షెడ్డు నడుపుతాడని చెప్పి, అక్కడ చేర్చారు. ఆ పెద్దమనిషి ప్రతి వారం ఆమె ఇంటి ప్రక్కనుండే గుడికి వస్తున్నారు. ఈ అమ్మాయికి శిక్షణ కావాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ దేశంలో యజమానులు జీతాల మొత్తంలో నూటికి ఒకటి చొప్పున నైపుణ్య పన్ను కడతారు. దానికి 1999 నాటి చట్టం ఉన్నది. ఆ సొమ్ము నుండి సెటాలు అనే శిక్షణా సంస్థలు విద్యార్థుల పని శిక్షణకు భత్యాలు ఇస్తాయి. మనలో వర్క్‌షాపులు, కాంట్రాక్టు పనులు, చిన్న ఫ్యాక్టరీలు నడిపేవారు చాలామంది ఉన్నారు. ఒక విద్యార్థిని తీసుకుంటే ఖర్చంతా తమ మీద పడుతుందని కొందరు భయపడతారు. ముందు సెటాను అడిగి చూడవలసిందిగా వారిని కోరుతున్నాను. విద్యార్థి చేసే పని కాలేజీ నిబంధనలకు సరిపోతుందో లేదో కూడా ముందే కాలేజీతో మాట్లాడుకోవాలి.

పూర్తిగా నిలబెట్టే సహాయం ఎలా ఉంటుందో చూపిన సంస్థలు ఈ దేశంలోనే ఉన్నాయి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంఘం నడిపే థుథుకా బర్సరీ నిధి ఫీజుతో పాటు వసతి, ట్యూషన్లు, సలహాదారులను కూడా ఏర్పాటు చేస్తుంది. ఆ దారిలోనే తరువాత ఇకుసాసా అనే విద్యార్థి సహాయ కార్యక్రమం ఇంజనీరింగ్ వంటి చదువులకు, నడిమివారికి కూడా మొదలైంది. ఇందులో డబ్బుతో పాటు పిల్లవాడి మంచిచెడులు కనుక్కునే మనిషి ఉంటాడు.

మన సంఘాలకు అంత ధనబలం లేదు. మనకు ఉన్నది మనుషుల బలం. కనుక నా మనవి ఇది.

1. జనవరిలో ఇచ్చే కవరును మూడు భాగాలు చేయండి. ఒకటి ఫిబ్రవరిలో, ఒకటి జూన్ పరీక్షలకు ముందు, ఒకటి రెండవ సంవత్సరం పేరు నమోదు చేసుకునే రోజున ఇవ్వండి. మొత్తం పెంచనవసరం లేదు.

2. అత్యవసరాలకు ఒక చిన్న నిధి విడిగా ఉంచండి. బాకీ, టాక్సీ, కాలిక్యులేటరు, బూట్లు. అడిగిన మూడు రోజులలో నిర్ణయం జరగాలి. కమిటీ మీటింగు వరకు ఆగితే అది అత్యవసర నిధి కాదు.

3. తెలుగు తరగతి జరిగే గది శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. అక్కడ నాలుగు బల్లలు, ఒక బోర్డు, ఒక కెటిల్ చాలు. మొదటి సంవత్సరం పిల్లలు కూర్చుని లెక్కలు చేసుకోవాలి. మూడవ సంవత్సరం వారు ఇద్దరు వచ్చి ప్రక్కన ఉండాలి. యూనివర్సిటీలు వేరైనా దూలం ఒక్కటే, బలాలు ఒక్కటే. ఏ జాతి, ఏ భాష స్నేహితులను తెచ్చినా రానివ్వండి.

4. ప్రతి విద్యార్థికి ఒక పెద్దవారు ఉండాలి. ఇంజనీరు కానవసరం లేదు. మార్చిలో, జూన్‌లో, సెప్టెంబరులో ఒకసారి పిలిచి, “భోజనం అవుతున్నదా? ఏ సబ్జెక్టు బరువుగా ఉన్నది? బాకీ ఎంత?” అని అడిగితే చాలు. పాస్ అయ్యావా అని మాత్రం మొదటి ప్రశ్నగా అడగవద్దు.

5. వర్క్‌షాపులు, కంపెనీలు ఉన్న మనవారి జాబితా ఒకటి తయారు చేసి, డిప్లొమా విద్యార్థులకు అందుబాటులో ఉంచండి.

6. టీచర్లమైన మేము పదకొండవ, పన్నెండవ తరగతులలోనే పిల్లలకు తెలియని లెక్కతో కూర్చోవటం అలవాటు చేయాలి. పొడిగించిన కార్యక్రమాల గురించి తల్లిదండ్రులకు ముందుగానే చెప్పాలి. ఈ పని నేను 2024 నుండి నా తరగతిలో మొదలుపెట్టాను. వారానికి ఒక లెక్క, జవాబు ఎవరికీ చెప్పను, శుక్రవారం గుంపులుగా చర్చ. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. ఇప్పుడు శుక్రవారం కొరకు చూస్తున్నారు.

ఇంజనీరింగ్ పట్టాకు ఇంత శ్రమ అవసరమా అని కొందరు అడగవచ్చు. దక్షిణాఫ్రికా ఇంజనీరింగ్ మండలి 1999లో వాషింగ్టన్ ఒప్పందంలో చేరింది. అందువలన ఇక్కడ గుర్తింపు పొందిన డిగ్రీకి ఆ ఒప్పందంలోని ఇతర దేశాలలో కూడా విలువ ఉన్నది. ఒక లారీ డ్రైవరు ఇంట్లో ఒక ఇంజనీరు తయారైతే ఇద్దరు చెల్లెళ్ళ చదువు కూడా నిలబడుతుంది. అలాగే సగంలో ఆగిపోయిన చదువు ఆ ఇంటికి అప్పు మాత్రమే మిగిలిస్తుంది. ఇంటిలోని చిన్నవారికి, మనకు ఇది చేతకాదు అన్న భయాన్ని కూడా మిగిలిస్తుంది. మా వాడి పెద్ద చెల్లెలు లెక్కలు వదిలి వేరే సబ్జెక్టు తీసుకుంటానని నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ భయం నాకు కళ్ళారా కనిపించింది. ఆమెకు తెలివి అన్నకంటే ఎక్కువ. ఆమెను లెక్కలలోనే ఉంచటానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆ అబ్బాయి ఇప్పుడు ఒక గిడ్డంగిలో పని చేస్తున్నాడు. బాకీ సగానికి పైగా తీర్చాడు. క్రిందటి అక్టోబరులో మా ఇంటికి వచ్చి, “మేడం, డిప్లొమాలో మళ్ళీ మొదలుపెట్టవచ్చునా? నేను పాసైన సబ్జెక్టులకు ఏమైనా విలువ ఉన్నదా?” అని అడిగాడు. కొన్నింటికి ఉండవచ్చు, కాలేజీని అడగాలి అని చెప్పి, ఇద్దరం కలిసి ఉత్తరం వ్రాశాము. ఇంకా జవాబు రాలేదు. శనివారం మాత్రం వస్తున్నాడు. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకు దూలం బొమ్మ ఎలా గీయాలో చూపిస్తున్నాడు. బాగా చెబుతాడు. ఎక్కడ తప్పుతారో అతనికి తెలుసు.

అవ్వకు కూడా చివరకు జవాబు చెప్పాను. “అవ్వా, మీ వాడు బాకీలో తప్పాడు, దాని వలన చదువులో తప్పాడు. వాడు తప్పుతున్నప్పుడు మేము ఎవరమూ అడగలేదు. దండ వేసినప్పుడు అందరమూ ఉన్నాము.”

అవ్వ కొంచెం సేపు ఆలోచించి, “అయితే ఈసారి అడగండి” అన్నది.

జూన్ పరీక్షలు వస్తున్నాయి. మీ వీధిలో, మీ బంధువులలో, మీ గుడిలో మొదటి సంవత్సరం చదివే పిల్లలు ఎవరు ఉన్నారో ఒక్కసారి తలచుకోండి. ఈ వారమే పిలిచి మాట్లాడండి.